పిరికి మేస్త్రీ, అరవై నాలుగు ఫ్యూజులు

మా బాబాయి కరెంటు పని చేస్తాడు. ఆయనకి కరెంటంటే భయం. ఈ రెండు సంగతులూ తెలిసినవాళ్ళు ఆయనకి పెట్టిన పేరు పిరికి మేస్త్రీ. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. చివరికి కొత్తవాళ్ళు వచ్చి, "పిరికి మేస్త్రీగారి ఇల్లు ఇదేనాండీ?" అని మర్యాదగా అడిగేదాకా వచ్చింది. "ఇదేనండీ, లోపలికి రండి" అని అంతే మర్యాదగా తలుపు తీసేవాడు బాబాయి.

బల్బు మార్చమని పిలిస్తే ముందు మెయిన్ తీసేవాడు. తీశాక టెస్టరు పెట్టి చూసేవాడు. టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదనే కదా మనం అనుకుంటాం? ఆయన అలా అనుకోడు. టెస్టరే పాడైందేమోనని పక్కింటికెళ్ళి, అక్కడ వెలుగుతోందో లేదో చూసి తిరిగొచ్చేవాడు. ఈలోగా ఇంటివాళ్ళే స్టూలెక్కి బల్బు బిగించేసుకునేవాళ్ళు. మా పిన్నిని పెళ్ళి చేసుకోవడానికి సరే అనడానికి ఏడు నెలలు తీసుకున్నాడట. "నాకూ టెస్టరు పెట్టి చూసుంటారు" అంటుంది పిన్ని.

ముప్పై మూడేళ్ళ పనిలో ఆయనకి ఒక్కసారీ షాకు కొట్టలేదు. మా వీధిలో దాన్నెవరూ గొప్పగా చెప్పుకోలేదు. షాకు తిని, కింద పడి, లేచినవాడే అసలైన మేస్త్రీ అని వాళ్ళ నమ్మకం. చేతి మీద మచ్చలున్నవాళ్ళకే గిరాకీ.

మా వీధి నగరం మొత్తానికీ పల్లం. వాన నీళ్ళు పోవడానికి పెద్ద కాలవ తవ్విస్తామని ప్రతి ఎన్నికలకీ ఎవరో ఒకరు మాట ఇస్తూనే ఉన్నారు. ఆ ఏడు వానలకి వీధే కాలవైపోయింది కాబట్టి, మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. నాలుగు రోజులు కింది వాటాల్లో కిటికీ పై అంచు దాకా నీళ్ళు నిలిచాయి. మేమంతా ఎత్తు మీదున్న బడిలో, మూడో తరగతి బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. అయిదో రోజుకి నీళ్ళు పోయాయి. బురద మాత్రం మాతోనే ఉండిపోయింది.

నేనుండేది బాబాయి వాళ్ళింట్లోనే. వెళ్ళి చూస్తే మా ఫ్రిజ్జు వెల్లకిలా పొయ్యి మీద పడుకుని ఉంది. మంచం గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంది. గోడల మీద నా తలకన్నా ఎత్తున గోధుమరంగు గీత, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. మూడిళ్ళ అవతల కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆవిడ ఉంటుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి మిషను చక్రం తిప్పి చూస్తోంది. తిప్పినప్పుడల్లా అందులోంచి బురదనీళ్ళు కారుతున్నాయి.

మధ్యాహ్నానికి సాయం దిగింది. ఒక సంఘం వాళ్ళు దువ్వెనలు పంచారు. ఇంకో సంఘం వాళ్ళు కొవ్వొత్తులిచ్చారు, అగ్గిపెట్టెలు మరో సంఘం వాళ్ళ వంతట, వాళ్ళు రాలేదు. ఒకాయన మా పిన్ని చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టి, ఫోటో సరిగ్గా రాలేదని వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చాడు. రెండోసారి తీసుకోబోతే పిన్ని వదల్లేదు. ఆ ఫోటోలో ఇద్దరూ పొట్లం కోసం కొట్టుకుంటున్నట్టే ఉంటారు.

ఆ తర్వాత మా వార్డు మెంబరు వచ్చాడు. కొత్త రబ్బరు బూట్లు, వాటికింకా ధర కాగితం వేలాడుతోంది. ట్రాన్స్‌ఫార్మరు బాగుచేశారనీ, రేపు పొద్దున పదింటికి తన చేతుల మీదుగా వీధి మొత్తానికీ కరెంటు ఇస్తామనీ మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అయిదు రోజులుగా ఫోను చచ్చిపోయి, నీళ్ళ మోటారు ఆగిపోయి, ఒళ్ళంతా బురదతో ఉన్నవాళ్ళం మరి.

బాబాయి చెయ్యెత్తాడు, క్లాసులో పిల్లాడిలా.

"సార్, ఇళ్ళల్లో స్విచ్చు బోర్డుల నిండా బురద ఉందండీ. గోడలు నానిపోయాయి. ఒక్కో ఇల్లూ చూసుకుని ఇచ్చుకోవాలి గానీ, అందరికీ ఒకేసారి ఇచ్చేస్తే ఎవరో ఒకరు పోతారు."

"మంచి సూచన," అన్నాడు మెంబరు. "పరిశీలిస్తాం." ఆ మాటంటూనే కారెక్కేశాడు.

బాబాయి నేరుగా లైన్‌మన్ దగ్గరికి వెళ్ళాడు. లైన్‌మన్ మంచివాడే గానీ, పై నుంచి ఆర్డరొచ్చిందన్నాడు. "ట్రాన్స్‌ఫార్మరు నా చేతిలో ఉంది మేస్త్రీ, ఆర్డరు నా చేతిలో లేదు. ఇళ్ళ లోపలి సంగతి మాకు సంబంధం లేదు."

"అయితే ఇళ్ళ లోపలి సంగతి నేను చూసుకుంటా," అన్నాడు బాబాయి.

ఆయన చూసుకున్న పద్ధతి ఏమిటంటే, ఇంటింటికీ వెళ్ళి మీటరు పక్కనున్న మెయిన్ ఫ్యూజు పీకేయడం. అది లేకపోతే స్తంభం మీద కరెంటున్నా ఇంట్లోకి రాదు. పీకినదానికి టేపు ముక్క అంటించి ఇంటి నంబరు రాయడం నా పని. టేపు తడికి అంటుకోవడం లేదని, కుట్టుమిషను ఆవిడ ఎక్కడో పైన అటక మీద మిగిలిన గుడ్డపీలికలు తెచ్చి నంబర్లు రాసి ముడేసింది. ఫ్యూజులన్నీ నీలం ప్లాస్టిక్ బకెట్లో వేసుకుంటూ పోయాం.

"అన్నయ్యా, నా ఇంటిది నేనే పీకుతా, ఎలాగో చూపించు," అంది ఆవిడ. బాబాయి చూపించాడు. ఆవిడ తర్వాతి ఇంటిదీ తనే పీకింది. నాలుగో ఇంటికొచ్చేసరికి బాబాయి కన్నా ముందే నడుస్తోంది.

జనం మమ్మల్ని ఎత్తుకుని ఊరేగించారని చెప్పను. "నీళ్ళు సామాను పట్టుకుపోయాయి, నువ్వు ఫ్యూజులు పట్టుకుపోతున్నావా?" అన్నాడొకాయన. "మేస్త్రీ భయపడితే మేస్త్రీ ఇంట్లో పీక్కోమనండి, మాకేం భయం?" అంది ఇంకొకావిడ. ఇద్దరు ముగ్గురు తలుపులే తీయలేదు. వాళ్ళ గుమ్మం ముందు బాబాయి అలాగే నిలబడ్డాడు. అరవడం రాదు, బతిమాలడం రాదు, నిలబడడం మాత్రం వచ్చు. అరగంటకో ముప్పావుగంటకో విసిగిపోయి తలుపు తీసేవాళ్ళు.

హెడ్మాస్టారు మాత్రం తనే ఎదురొచ్చారు. రిటైరై తొమ్మిదేళ్ళయినా, వీధి మొత్తం ఆయనకింకా ఏడో తరగతే. మా బాబాయిని నిజంగానే ఏడో తరగతిలో ఫెయిలు చేసిన మనిషి.

"ఏమోయ్ మేస్త్రీ, ఏమిటీ తతంగం? సరే, పీకుతావు. మళ్ళీ ఎప్పుడు పెడతావ్?"

"వరసగా పెడతాను మాస్టారూ. మొదటింటి నుంచి చివరింటికి. బోర్డు విప్పి, కడిగి, ఎండబెట్టి, తేమ లేదని తేల్చుకుని పెడతాను."

"నాది యాభై ఏడో నంబరు."

"అయితే యాభై ఏడోదండీ."

"మా ఇల్లు ముందు చెయ్యి."

"ఎందుకండీ?" అని అడగాలి బాబాయి. అడగలేదు. మాస్టారు కారణం చెప్పాలి. చెప్పలేదు. మాస్టారు జీవితంలో ఎవరినీ బతిమాలలేదు, బాబాయి చిన్నప్పటి నుంచీ ఆయన మాట విని విని విసిగిపోయాడు. "అందరితోపాటే," అన్నాడు బాబాయి, నేల చూస్తూ. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి కాస్త సంతోషం కలిగిందని తర్వాత నాతో తనే ఒప్పుకున్నాడు. మాస్టారు ఫ్యూజు తనే పీకి బకెట్లో పడేశారు.

సాయంత్రానికి అరవై నాలుగూ వచ్చాయి. ఎవరైనా వచ్చి తమది తీసుకుపోతారేమోనని పిన్ని బకెట్ మీద చెక్క మూత వేసి దాని మీద కూర్చుంది. "పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళకి నాకో సింహాసనం చేయించారు మీ బాబాయి," అంది నాతో.

మర్నాడు పదింటికి ట్రాన్స్‌ఫార్మరు కింద చిన్న షామియానా వెలిసింది. ఊళ్ళో ఒక్క పొడి దుప్పటి దొరక్క జనం అల్లాడుతుంటే, షామియానా మాత్రం కరకరలాడుతూ ఎక్కడి నుంచో వచ్చేసింది. నాలుగు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు, జనరేటరుతో మైకు. మెంబరు కాసేపు ప్రకృతిని తిట్టాడు. ప్రకృతి ప్రతిపక్షంలో ఉన్నట్టే మాట్లాడాడు. తర్వాత చెయ్యి ఊపాడు. లైన్‌మన్ మీట పైకెత్తాడు.

వీధిలో ఏమీ వెలగలేదు. వెలగకూడదు, ఫ్యూజులన్నీ పిన్ని కింద ఉన్నాయి. మెంబరు మొహంలో నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

అప్పుడు షామియానాకి ఎదురుగా ఉన్న యాభై ఏడో నంబరు ఇంటి వరండాలో ఒక బల్బు వెలిగింది.

జనం చప్పట్లు కొట్టారు. మెంబరు ఆ బల్బుకి దండం పెట్టి, మైకు చేత్తోనే పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. బాబాయి ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఫ్యూజు లేని ఇంట్లో బల్బు ఎలా వెలుగుతుందో ఆయనకి అర్థమైంది. మాస్టారు ఫ్యూజు ఉండాల్సిన చోట ఉత్త రాగితీగ పెట్టేశారు.

"తీసెయ్యండి! మెయిన్ తీసెయ్యండి!" అని అరిచాడు. అరవడం రాని మనిషి అని చెప్పాను కదా, మైకు హోరులో ఆ అరుపు ఎవరికీ వినిపించలేదు. వరండాలో మాస్టారు తడిగచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి, ఇనప కిటికీ చువ్వ పట్టుకుని ఉన్నారు. బల్బుని చూసి సంతోషంతో నిలబడ్డారేమో అనుకున్నాను. ఆయన నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు. చెయ్యి చువ్వని వదలడం లేదు.

నానిన గోడ, గోడలో తీగ, గోడకి బిగించిన చువ్వ. ఇదంతా బాబాయి తర్వాత చెప్పాడు. ఆ క్షణంలో ఆయన చేసింది చుట్టూ చూడడం. ఏదో ఒక పొడి వస్తువు కావాలి. వీధిలో కర్ర తడి, గుడ్డ తడి, మనుషులు తడి. పొడిగా ఉన్నది ఒక్కటే కనపడింది. వెళ్ళి మెంబరు కూర్చున్న కుర్చీ లాగేశాడు. మెంబరు అందులోనే ఉన్నాడు.

మెంబరు బురదలో పడ్డ చప్పుడు మైకులో వీధంతా వినిపించింది. ఆ చప్పుడుకి లైన్‌మన్ తిరిగి చూశాడు. బాబాయి రబ్బరు చెప్పులతో బురదలో పరిగెత్తి, వరండా మెట్టెక్కి, కుర్చీ కాళ్ళు మాస్టారి మోచేతికి ఆనించి బలమంతా పెట్టి తోశాడు. ఒకసారి తోస్తే రాలేదు. రెండోసారికి ఇద్దరూ, కుర్చీతో సహా, వరండాలో కూలిపడ్డారు. అప్పటికి లైన్‌మన్ మీట దించేశాడు. బల్బు ఆరిపోయింది.

మాస్టారు బతికే ఉన్నారు. అరచెయ్యి కాలింది. ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. బాబాయి ఆయన పక్కనే బురదలో కూర్చుని వణుకుతున్నాడు. ఎవరికి షాకు కొట్టిందో తెలియనంతగా వణుకుతున్నాడు.

అప్పుడు లోపలి గదిలోంచి ఇంకో ఎగశ్వాస వినిపించింది.

నేను ఆస్పత్రిలో మందుల కౌంటరులో పనిచేస్తాను కాబట్టి ఆ చప్పుడు నాకు తెలుసు. లోపలికెళ్ళి చూస్తే మాస్టారి భార్య మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని గాలి కోసం పెనుగులాడుతోంది. పక్కనే, వరదకి అటక మీద దాచి దించిన, ఉబ్బసానికి మందు పొగలా పీల్చే మిషను, ప్లగ్గుతో సహా సిద్ధంగా ఉంది. నిన్నటి నుంచి ఆమె అలాగే ఉందట. మాస్టారు 'మా ఇల్లు ముందు చెయ్యి' అన్నది దీని కోసం.

మెంబరుగారి కారు ఆ రోజు మొదటిసారి వరద బాధితులకి పనికొచ్చింది. వెనక సీట్లో భార్యాభర్తలిద్దరినీ ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బురద బట్టలతో మెంబరు ముందు సీట్లో కూర్చున్నాడు. దారిలో ఎవరో ఆయన్ని ఫోటో తీశారు. మర్నాడు పత్రికలో "బురదలో దిగి ప్రాణాలు కాపాడిన మెంబరు" అని వేశారు. బురదలో దిగిన మాట నిజమే మరి.

ఆ సాయంత్రం బాబాయి మా గుమ్మంలో కూర్చున్నాడు. పిన్ని బకెట్ ముందు పెట్టి, "రేపు మొదటింటి నుంచేనా?" అంది.

"కాదు. మొదటింటి నుంచి కాదు." బకెట్లోంచి యాభై ఏడో నంబరు ఫ్యూజు ఏరి పట్టుకుని అన్నాడు: "ఆయన చెప్పలేదే. నేనూ అడగలేదు. ఎందుకండీ అని ఒక్క మాట. ముప్పై మూడేళ్ళు తీగనల్లా అనుమానించానే, మనిషిని ఒక్క ప్రశ్న అడగలేకపోయాను."

పిన్ని దానికి ఎత్తిపొడుపు మాట ఏదో అంటుందని చూశాను. లేచి ఆయన బురద చెప్పులు కడిగి పెట్టింది.

మర్నాడు పొద్దున బాబాయి పనిముట్ల సంచీ లేకుండా బయల్దేరాడు. ఇంటింటికీ వెళ్ళి ఒకటే ప్రశ్న. "ఇంట్లో ఒంట్లో బాగాలేనివాళ్ళు ఉన్నారా? పసిపిల్లలున్నారా? ఎవరికి ముందు కావాలి?" కొత్త మనిషిలా, నత్తి నత్తిగా అడిగాడు. నేను రాసుకున్నాను. చల్లగా ఉంచాల్సిన మందులున్న ఇళ్ళు మూడు. బాలింత ఉన్న ఇల్లు ఒకటి. పై వాటాలోంచి వారంగా కిందకి దిగలేని ముసలాయన ఒకడు. ఆ పెద్దాయన ఉన్న సంగతి ఆ ఇంటికి ఎదురింటివాళ్ళకే తెలియదు, బిస్కెట్ల ఫోటోల వాళ్ళకెలా తెలుస్తుంది? యాభై ఏడో నంబరు అన్నిటికన్నా పైన రాయించాడు.

ఇక పని మొదలైంది. ఒక్కో స్విచ్చు బోర్డూ విప్పితే లోపల బురద, చచ్చిన పురుగులు, ఒకదాంట్లో చిన్న చేప. మంచినీళ్ళతో కడిగి, డాబాల మీద చాపలు పరిచి ఎండబెట్టాం. డాబా నిండా సాకెట్లూ స్విచ్చులూ చూసి, పైన ఎగిరే కాకులు దిగి ముక్కుతో పొడిచి చూసి నిరాశగా వెళ్ళిపోయేవి. ఎండాక, తీగల్లో తేమని కనిపెట్టే చేతిమర పెట్టె ఒకటుంది, దాన్ని బాబాయి నిదానంగా తిప్పి ముల్లు చూసేవాడు. ముల్లు ఒప్పుకుంటే ఫ్యూజు పెట్టేవాడు. ఒప్పుకోకపోతే పాత తీగ పీకి కొత్తది లాగాల్సిందే.

ఇప్పుడు జనం ఎంత మారిపోయారో చెప్పాలి. "ఫ్యూజులు ఎత్తుకుపోతున్నావా" అన్నాయనే పొద్దున్నే టీ పట్టుకొచ్చి, "తొందరేం లేదు మేస్త్రీగారూ, ఇంకో రెండుసార్లు చూడండి," అనేవాడు. రెండుసార్లు చూశాక, "మూడోసారి కూడా చూస్తే పోలా?" అనేవాడు. భయం అంటుకునే జబ్బని అప్పుడే తెలిసింది. వారం తిరిగేసరికి మా వీధిలో బాబాయి కన్నా పిరికివాళ్ళు అరవైమంది తేలారు.

కుట్టుమిషను ఆవిడ మిషను ఎండేదాకా ఖాళీనే కదా అని రోజూ వచ్చేది. దారం ఎక్కించిన వేళ్ళకి సన్న తీగలో లెక్కా? బోర్డు బిగింపు బాబాయి కన్నా నీటుగా చేసేది. ఒకరోజు, "అన్నయ్యా, నువ్విక్కడ మరలు వంకరగా బిగించావ్," అంది. ముప్పై మూడేళ్ళలో ఆయన పనికి వంక పెట్టిన మొదటి మనిషి. బాబాయి విప్పి మళ్ళీ బిగించాడు.

మాస్టారు నాలుగో రోజున చేతికి కట్టుతో ఆస్పత్రి నుంచి వచ్చారు. ఆయన ఇంట్లో అప్పటికే దీపాలు వెలుగుతున్నాయి. ఆయన భార్య మందు పీల్చుకుని, మంచం మీద కూర్చుని పక్కింటావిడకి ఈ కథంతా తన పద్ధతిలో చెబుతోంది. మాస్టారు తిన్నగా మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కృతజ్ఞతలు చెబుతారని పిన్ని కుర్చీ వేసింది.

"ఏమోయ్, మా వరండా స్విచ్చు కొంచెం ఎత్తుగా పెట్టావు. నాకు అందడం లేదు," అన్నారు.

"అందకూడదనే పెట్టాను మాస్టారూ," అన్నాడు బాబాయి.

మాస్టారు కట్టు లేని చెయ్యి బాబాయి భుజం మీద వేసి, చాలాసేపు తీయకుండా నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు మాత్రం, "అయినా నువ్వప్పుడు ఏడో తరగతిలో లెక్కలు సరిగ్గా చెయ్యలేదు," అన్నారు. మరుసటి నెల విద్యుత్తుతో జాగ్రత్తల గురించి బడిలో ఉపన్యాసం ఇచ్చారు. అందులో రాగితీగ ప్రస్తావన ఉంది, అది పెట్టింది ఎవరో మాత్రం లేదు.

అరవై మూడిళ్ళు పదకొండు రోజుల్లో అయ్యాయి. అరవై నాలుగోది బాబాయి సొంతిల్లు. అందరివీ చూసి ఆఖరున విప్పితే, వీధి మొత్తంలో అధ్వాన్నంగా ఉన్న తీగలు మా ఇంట్లోవే. ముప్పై ఏళ్ళ నాటివి, ముట్టుకుంటే పొట్టు రాలిపోతోంది. బయటివాళ్ళ ఇళ్ళు చూసుకుంటూ ఆయన తన ఇంటికి ఎప్పుడూ వాయిదా వేస్తూ వచ్చాడు. మొత్తం పీకి మళ్ళీ వెయ్యాలి. దానికింకో పదమూడు రోజులు పట్టింది. ఆ పదమూడు రోజులూ పిన్ని వీధిలో ఎవరడిగినా ఒకటే చెప్పింది: "మా ఆయన మేస్త్రీ కదండీ, అందుకని మాకు కరెంటు లేదు."

వైరింగు పూర్తయిన రోజు ఫ్యూజు పెట్టమంటే బాబాయి పిన్ని చేతికిచ్చాడు. పిన్ని భయపడలేదు. ముందు టెస్టరు అడిగింది. ఆ తర్వాత, పక్కింటికెళ్ళి ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో చూసి రమ్మని ఆయన్నే పంపింది.

ఇప్పుడు కుట్టుమిషను ఆవిడ గుమ్మానికి రెండు బోర్డులున్నాయి. ఒకటి జాకెట్లు కుట్టబడునని, రెండోది వైరింగు చేయబడునని. రెండో దానికే ఎక్కువమంది వస్తున్నారు. కాలవ మాత్రం ఇంకా తవ్వలేదు. ఈసారి ఎన్నికలకి మళ్ళీ మాట ఇచ్చారు. నిరుడు వానాకాలం మొదలవగానే బాబాయి ఇంటింటికీ తిరిగి, స్విచ్చు బోర్డులన్నీ గోడ మీద గోధుమరంగు గీత కన్నా పైకి ఎత్తించాడు. అప్పుడు ఏ ఇంటి గుమ్మంలోనూ నిలబడాల్సిన అవసరం రాలేదు.